పేగు బ్యాక్టీరియాతో మన ఇమ్యూనిటీకి ఉన్న రాజీ చెడకుండా చూసుకోవడం ఎలా

పెద్దపేగులో ఒక్క గ్రాము మలంలో సుమారు పదివేల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. వాటికీ మన రక్తానికీ మధ్య ఉన్న గోడ మందం ఒకే ఒక్క వరస కణాలు. ఆ కణాలైనా మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోతూ, కింద నుంచి కొత్తవి పుట్టుకొస్తూ ఉంటాయి. అపెండిక్స్ పగిలి ఇదే బ్యాక్టీరియా పొట్టలోకి వచ్చిందంటే ఆపరేషన్ థియేటర్‌కి పరుగెత్తాలి. పేగు లోపల ఉన్నంతసేపు మాత్రం జ్వరం లేదు, వాపు లేదు. పప్పన్నం తిని హాయిగా పడుకుంటాం.

దీన్ని రోగనిరోధక శాస్త్రంలో 'సహనం' అంటారు. ఆ మాట విని చాలామంది పొరపడతారు, మన రక్షణ వ్యవస్థ ఈ బ్యాక్టీరియాని చూసీ చూడనట్టు వదిలేస్తోందని. అలా ఏం లేదు. పొద్దస్తమానం వాటిని చూస్తూనే ఉంటుంది, గుర్తుపడుతూనే ఉంటుంది, ఎడంగా నెడుతూనే ఉంటుంది; గొడవ మాత్రం పెట్టుకోదు. గొడవ పడకుండా ఉండటానికే రోజూ బోలెడంత పని నడుస్తుంది. ఆ పనికి కావలసిన ముడిసరుకులో పెద్ద భాగం మనం తిన్నదాంట్లో అరగకుండా పెద్దపేగు దాకా చేరే మిగులు. 'ఇమ్యూనిటీ పెంచే' పొడులూ కషాయాలూ అమ్మేవాళ్లు చెప్పనిది ఇదే: ఇక్కడ కావలసింది పెంచడం కాదు, చేయి అదుపులో ఉంచడం.

ముందు లోపలి సంగతి

మొదటి ఏర్పాటు ఎడం. పెద్దపేగు గోడ మీద జిగురు పొర రెండంతస్తులుగా ఉంటుంది. పైది వదులుగా ఉంటుంది, బ్యాక్టీరియా కాపురం అందులోనే. గోడకి అంటుకుని ఉన్న లోపలి పొర చిక్కటి వల లాంటిది. అందులో బ్యాక్టీరియా దాదాపు ఉండదని 2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో చూపించారు. ఎలుకలో ఆ లోపలి పొర మందం 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే సన్నం. మనుషుల్లో దానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఈ జిగురుకి మూలమైన ఎమ్‌యూసీ2 అనే ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలకి ఎవరూ ఏమీ చేయకుండానే పెద్దపేగు వాచిపోతుంది. కంచె లేకపోతే ఇరుగుపొరుగు సఖ్యత కూడా ఉండదన్నమాట.

రెండోది ఐజీఏ అనే యాంటీబాడీ. పేగు గోడలో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు రోజుకి 3 నుంచి 5 గ్రాములు తయారుచేసి లోపలికి వదులుతాయి. ఇది బ్యాక్టీరియాని చంపదు, వాపు రేపే కణాలని పిలవదు. పట్టుకుని, గుంపు కట్టించి, గోడ దగ్గరికి రాకుండా ఆపుతుంది.

మూడోది మందలింపు. పేగు గోడలోని డెండ్రైటిక్ కణాలు బ్యాక్టీరియా ముక్కల్నీ ఆహారపు ముక్కల్నీ ఏరుకుని దగ్గరి లింఫ్ గ్రంథికి తీసుకెళ్లి అక్కడి టి-కణాలకి (తెల్లరక్తకణాల్లో ఒక రకం) చూపిస్తాయి. ఆ సమయంలో చుట్టూ విటమిన్ ఏ నుంచి పుట్టిన రెటినోయిక్ ఆమ్లమూ, టీజీఎఫ్-బీటా అనే సంకేతమూ ఉంటే, ఆ టి-కణాలు దాడిచేసేవిగా కాకుండా అదుపుచేసే 'టి-రెగ్' కణాలుగా మారతాయి. పేగుకి తిరిగొచ్చి ఐఎల్-10 లాంటి సంకేతాలతో మిగతావాటిని చల్లబరుస్తాయి. ఈ కణాలకి గుర్తు ఫాక్స్‌పీ3 అనే జన్యువు. దాన్నీ, ఈ కణాల్నీ కనిపెట్టినందుకే 2025 వైద్య నోబెల్ మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచిలకి వచ్చింది. ఆ జన్యువు చెడి పుట్టిన మగపిల్లల్లో పసితనంలోనే ఆగని విరేచనాలు కనిపిస్తాయి. ఐఎల్-10 అందుకునే రిసెప్టర్ చెడినా అంతే, నెలల వయసులోనే పేగు పుండ్లు. కాపలావాళ్లు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నాలుగోది నాకు అన్నిటికంటే ముచ్చటైనది. పీచు పులిసినప్పుడు పేగు బ్యాక్టీరియా బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలు తమ శక్తిలో సుమారు 70 శాతం దీన్నుంచే తెచ్చుకుంటాయి. దాన్ని మండించడానికి ఆక్సిజన్ వాడేస్తాయి కాబట్టి పేగు లోపలికి ఆక్సిజన్ కారదు. ఆక్సిజన్ లేని చోట బతికే మంచి జాతులు అక్కడ నిలదొక్కుకుంటాయి, ఈ.కోలై చుట్టాలు పెరగలేవు. ఇదే బ్యుటిరేట్ టి-రెగ్ కణాల పుట్టుకకీ తోడ్పడుతుందని 2013లో మూడు వేర్వేరు బృందాలు ఎలుకల్లో చూపించాయి. పీచు ఆగిందా, బ్యుటిరేట్ తగ్గుతుంది, ఆక్సిజన్ కారుతుంది, వద్దనుకున్నవి పెరుగుతాయి. ఇంకో దెబ్బ కూడా ఉంది. పీచు లేకుండా పెంచిన ఎలుకల్లో ఆకలిమీదున్న బ్యాక్టీరియా జిగురు పొరనే తినడం మొదలుపెట్టినట్టు 2016లో తేలింది. కంచే చేను మేసినట్టు అంటాం కదా. ఇక్కడ చేనులో మేత అయిపోయి పశువులు కంచెని మేశాయి.

మీ ఇంట్లో ఇప్పుడు ఎంత పీచు వెళ్తోంది?

పెద్దవాళ్లకి రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. లెక్క కట్టడానికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చాలు. 100 గ్రాములకి (వండకముందు బరువు) పాలిష్ బియ్యంలో దాదాపు 2.8 గ్రాములు, మైదాలో కూడా అంతే. గోధుమపిండి, రాగులు, సజ్జలు 11 దాటతాయి, జొన్నలు 10. కందిపప్పు 9, మినప్పప్పు 12, పొట్టు పెసలు 17, శనగపప్పు 15, పొట్టుతో ఉన్న శనగలు 25. పండ్లలో జామకాయ 8 దాటుతుంది. ఖరీదైన బెర్రీల కోసం వెతుక్కోనక్కర్లేదు.

మామూలు ఇంటి భోజనం ఒకటి తీసుకుందాం. పొద్దున ఇడ్లీ: రవ్వ 60 గ్రాములు, మినప్పప్పు 25 గ్రాములు, కలిపి 4.7. మధ్యాహ్నం బియ్యం 150 గ్రాములు, కందిపప్పు 30, బెండకాయో వంకాయో 100 గ్రాములు, కలిపి 11. రాత్రి 100 గ్రాముల బియ్యపు అన్నం, పెరుగు, ఆవకాయ: 2.8. మొత్తం 18కి కాస్త పైన. కడుపు మూడుసార్లు నిండింది, పెద్దపేగు మాత్రం అర్ధాకలితో పడుకుంది.

ఇప్పుడు రెండే మార్పులు చేయండి. రాత్రి అన్నం స్థానంలో 100 గ్రాముల జొన్నపిండితో రొట్టెలు: 7.4 పెరిగింది. సాయంత్రం బిస్కెట్లకి బదులు 30 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు: 7.6 పెరిగింది. మొత్తం 33. మధ్యాహ్నం భోజనం ముట్టుకోలేదు, ఇడ్లీ ముట్టుకోలేదు.

కాకపోతే పీచంతా ఒకటి కాదు. బ్యాక్టీరియా పులియబెట్టగలిగేదే బ్యుటిరేట్ అవుతుంది. ఈ విషయంలో పప్పుధాన్యాలదే పైచేయి. ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు అనే పీచు, మెంతుల జిగురు, వండి చల్లార్చిన అరటికాయ, చిలగడదుంపల్లోని అరగని పిండి కూడా పనికొస్తాయి. జొన్న, గోధుమ తవుడుల్లోది ఎక్కువగా మలాన్ని కదిలించే రకం. ఇసబ్గోల్ మలబద్ధకానికి చాలా మంచిదే, కానీ బ్యాక్టీరియా దాన్ని పెద్దగా పులియబెట్టలేదు. రోజూ రెండు చెంచాల ఇసబ్గోల్ తాగి పేగు బ్యాక్టీరియాకి మేత వేశాననుకోవడం పొరపాటు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఇసబ్గోల్‌కీ మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు.

ఆకుకూరల పని వేరు. మునగాకు, తోటకూర, పాలకూరల్లోని కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఏ అయి, పైన చెప్పిన రెటినోయిక్ ఆమ్లానికి ఆధారమవుతుంది. నూనె లేకుండా ఉడికించి తింటే కెరోటిన్ సరిగా ఒంటబట్టదు; తాళింపులో ఒక చెంచా నూనె ఉండాలి. దీనికోసం విటమిన్ ఏ మాత్రలు కొనుక్కోకండి. గర్భిణులకైతే ఎక్కువ మోతాదు ప్రమాదం. క్యాబేజీ, ముల్లంగి, ఆవాకు కుటుంబంలోని పదార్థాలు పేగు గోడ కణాల మధ్య కూర్చునే లింఫోసైట్లనే రక్షణ కణాల్ని నిలబెడతాయని ఎలుకల్లో తెలిసింది. వారానికి రెండుసార్లు వండుకుంటే నష్టం లేదు.

పెంచేటప్పుడు తొందర వద్దు

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. సోమవారం నుంచి ఆరోగ్యం అనుకుని ఒక్కరోజులో 15 గ్రాములు పెంచితే బుధవారానికి పొట్ట డోలులా ఉబ్బుతుంది, 'నాకు పీచు పడదు' అనే తీర్పు వచ్చేస్తుంది. పడకపోవడం కాదు. పీచుని పులియబెట్టే జాతులు మీ పేగులో ఇంకా తక్కువగా ఉన్నాయి, పెరగడానికి వాటికి వారాలు కావాలి.

వారానికి 5 గ్రాములకి మించి పెంచకండి. మొదటి వారం రాత్రి అన్నంలో సగం తగ్గించి ఒక జొన్నరొట్టె. రెండో వారం రెండో రొట్టె. మూడో వారం 15 గ్రాముల శనగలు, నాలుగో వారం 30. నీళ్లు రోజుకి మామూలుకంటే రెండు గ్లాసులు ఎక్కువ; పీచు పెంచి నీళ్లు పెంచకపోతే మలం గట్టిపడి అసలుకే మోసం.

శనగలు, రాజ్మా, అలసందలు 8–10 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికించండి. గ్యాస్‌కి కారణమైన రాఫినోజ్ రకం చక్కెరల్లో కొంత ఆ నీళ్లతో పోతుంది. కొంత అన్నాను, అంతా పోదు, పోకూడదు కూడా. బ్యాక్టీరియాకి అవి ఇష్టమైన మేత. రోజుకి పది పదిహేనుసార్లు గ్యాస్ పోవడం మామూలే. నొప్పి, విరేచనాలు, కడుపు బిగదీసుకోవడం ఉంటే ఒక మెట్టు కిందికి దిగి రెండు వారాలు అక్కడే ఆగండి.

ఐబీఎస్ (పుండు, వాపు లేకుండానే పేగు తరచూ ఇబ్బంది పెట్టే సమస్య) ఉన్నవాళ్లకి ముందు ఉల్లి, వెల్లుల్లి, శనగలే ఇబ్బంది పెడతాయి. వాళ్లు పెసరపప్పు, రాగి, అరటికాయలతో మొదలుపెట్టడం మేలు. క్రోన్స్ అనే పేగువాపు జబ్బుతో పేగు ఇరుకైనవాళ్లు, అల్సరేటివ్ కొలైటిస్ అనే పెద్దపేగు పుండ్ల జబ్బు రేగి రక్తం పడుతున్నవాళ్లు, పొటాషియం తగ్గించుకోమన్న కిడ్నీ రోగులు ఈ లెక్కలు తమంతట తాము మొదలుపెట్టకూడదు. ఇరుకు పేగులో పొట్టు శనగలు అడ్డుపడితే అది అత్యవసర కేసు.

చద్దన్నం, పెరుగు: ఎంతవరకు?

వాట్సాప్‌లో చద్దన్నం అమృతం. నిజం కాస్త చిన్నది, అయినా బాగానే ఉంటుంది. వండిన అన్నం చల్లారితే అందులోని పిండి కొంత తిరిగి గట్టిపడి అరగని రకంగా మారుతుంది. ఒక పరీక్షలో అప్పుడే వండిన అన్నంలో 100 గ్రాములకి 0.6 గ్రాములున్న అరగని పిండి, పది గంటలు చల్లారాక 1.3 అయింది. అంటే పెద్ద గిన్నెడు చద్దన్నం తింటే గ్రామున్నర లాభం. గుప్పెడు గుగ్గిళ్లు దీనికి ఐదు రెట్లు. చద్దన్నం తినండి, శనగలకి బదులుగా మాత్రం కాదు.

చేసే పద్ధతిలో ప్రమాదం ఒకటుంది. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటలకొద్దీ వదిలేసిన అన్నంలో మొలకెత్తి విషం చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ మరిగించినా పోదు. కాబట్టి:

1. రాత్రి అన్నం కుక్కర్‌లోనే వదలకండి. పళ్లెంలో పలుచగా పరిచి ఆవిరి పోనివ్వండి. అరగంటలో గోరువెచ్చదనం పోతుంది. వండిన గంటలోపు తర్వాతి పని అయిపోవాలి.
2. మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో వేసి, కాచి చల్లార్చిన నీళ్లు అన్నం మునిగి రెండు వేళ్ల మందం పైకి వచ్చేలా పోయండి.
3. రెండు చెంచాల తాజా మజ్జిగ తోడు కలపండి. ఇదే అసలు కిటుకు. తోడు లేకపోతే మొదటి కొన్ని గంటలు ఎవరు ముందు పెరుగుతారన్నది అదృష్టం. తోడుంటే లాక్టిక్ బ్యాక్టీరియా ముందే చేరి పులుపు పెంచేస్తుంది, ఆ పులుపులో బాసిల్లస్ ఎదగలేదు.
4. ఉప్పు పొద్దున వేసుకోవాలి, రాత్రి కాదు. చలికాలం 10–12 గంటలు, ఎండాకాలం 6–8 గంటలు చాలు. రోహిణి కార్తెలో పన్నెండు గంటలుంచితే అది చద్దన్నం కాదు, కుళ్లు.
5. పొద్దున మూత తీయగానే కమ్మటి పుల్లవాసన రావాలి, మెతుకు విడిగా ఉండాలి. తీగలు సాగినా, గులాబీ, నల్ల మచ్చలు కనిపించినా, ముక్కు ముడుచుకునే వాసన వచ్చినా పారబోయండి. వేడిచేసి కాపాడదామనుకోవద్దు.

ఆ నీళ్లు వంపేయకండి, వాటితోనే కలిపి తినండి. పక్కన పచ్చి ఉల్లిపాయ నంజుకోవడం మన పెద్దలు రుచికోసం చేసినా, ఫ్రక్టాన్లు కూడా అలా చేరిపోయాయి. కీమో జరుగుతున్నవాళ్లు, అవయవ మార్పిడి తర్వాత మందులు వాడుతున్నవాళ్లు, పసిపిల్లలు దీన్ని మానాలి.

పెరుగు, మజ్జిగల్లోని బ్యాక్టీరియా మన పేగులో కాపురం పెట్టదు, వచ్చి పోయే చుట్టమే. కానీ ఆ చుట్టాలు వదిలిన లాక్టేట్‌ని అక్కడి జాతులు కొన్ని బ్యుటిరేట్‌గా మార్చుకుంటాయి. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన పరీక్షలో, పది వారాలు పులిసిన ఆహారం బాగా తిన్నవాళ్లలో పేగు జాతుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపుని సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. అంత గడువులో పీచు ఒక్కటే పెంచినవాళ్లలో వైవిధ్యం పెరగలేదు. రెండూ కలిపి తినమనే నా సలహా. ఇడ్లీ, దోసెలని మాత్రం ఈ లెక్కలో వేయకండి. పిండి పులిసినా ఆవిరికీ పెనానికీ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఆవకాయ అసలే కాదు. ఏ సూక్ష్మజీవీ ఎదగకుండా ఏడాది నిలవుండాలని ఉప్పూ కారమూ నూనే కుమ్మరించి పెట్టిన పచ్చడి అది.

యాంటీబయాటిక్ వేసుకోవలసి వస్తే

మొదటి మెట్టు: అసలు అవసరమా? జలుబు, చాలా రకాల గొంతునొప్పి, మామూలు నీళ్ల విరేచనాలకి వైరస్సే కారణం. మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసుకోవడం మన ఊళ్లలో అలవాటైపోయింది. స్ట్రిప్ మీద ఎర్రటి నిలువు గీత కనిపిస్తే అది డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందు.

అవసరమై రాస్తే, చెప్పినన్ని రోజులూ వేసుకోండి. సిప్రోఫ్లోక్సాసిన్ అయితే పాలు, పెరుగుకి కనీసం రెండు గంటల ముందు లేదా ఆరు గంటల తర్వాత వేసుకోవాలి. డాక్సీసైక్లిన్‌కి రెండు మూడు గంటల ఎడం ఉంచాలి. క్యాల్షియం వీటిని పట్టేసుకుంటుంది. బ్యాక్టీరియాని కాపాడదామని మాత్ర మీదే మజ్జిగ తాగితే మందు పనిచేయక జబ్బు ముదురుతుంది.

ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ గురించి ఒక మాట. యాంటీబయాటిక్ తర్వాత అవి వాడితే పేగు త్వరగా కోలుకుంటుందని అందరూ అనుకున్నారు. 2018లో ఇజ్రాయెల్‌లో చేసిన పరీక్షలో తిరగబడింది: పదకొండు జాతుల ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఏమీ తీసుకోనివాళ్లకంటే ఆలస్యమైంది. ఖాళీ అయిన ఇంట్లో చుట్టాలు తిష్ట వేస్తే ఇంటివాళ్లకి చోటేది? యాంటీబయాటిక్ వల్ల ఇంతకుముందు విరేచనాలు పట్టుకున్నవాళ్లకి, వయసు మీరినవాళ్లకి డాక్టర్ శాకరోమైసిస్ బౌలార్డీ రాయొచ్చు. అది ఈస్టు కాబట్టి యాంటీబయాటిక్‌కి చావదు. మెడలో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే మందుల గొట్టం) ఉన్నవాళ్లకి, నిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి అది రక్తంలోకి చేరి ప్రమాదం తేగలదు.

కోర్సు అయిపోయిన మొదటి మూడు నాలుగు రోజులు శనగలూ రాజ్మా మానండి, పులియబెట్టేవాళ్లే లేరు కాబట్టి ఉబ్బరమే మిగులుతుంది. పెసరపప్పు, మజ్జిగన్నం, అరటిపండు. తర్వాత రెండు మూడు వారాల్లో పాత మోతాదుకి రండి. 2018లోనే వచ్చిన మరో పరీక్షలో, మూడు బలమైన యాంటీబయాటిక్‌లు వాడిన 12 మంది ఆరోగ్యవంతుల్లో నెలన్నరకి చాలా జాతులు తిరిగొచ్చాయి. ఆరు నెలలకి కూడా తొమ్మిది సాధారణ జాతులు కనబడలేదు.

కోర్సు అయ్యాక రెండు నెలల్లోపు రోజుకి మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలు వస్తే, జ్వరం ఉన్నా లేకపోయినా, లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) వేసి ఆపకండి. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా కావచ్చు, మలపరీక్ష చేయించాలి.

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో

సహనం నేర్చుకునే బడి బాల్యమే. పుట్టిన బిడ్డ సొంత ఐజీఏ చాలినంత తయారవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా తల్లి పాలలోని ఐజీఏనే కాపలా. అందులోనూ ముర్రుపాలలో అది అత్యధికం. పసుపుగా, చిక్కగా ఉన్నాయని వాటిని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తేనె నాకించడం, పంచదార నీళ్లు, గాడిద పాలు పట్టించడం కూడా ఉంది. మొదటి గంటలోనే రొమ్ముకి పట్టించండి, ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు. తేనె ఏడాది నిండేదాకా పనికిరాదు, బోటులిజం అనే విషపు జబ్బు భయం ఉంది. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కూడా ఉంటాయి. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులోని బిఫిడో బ్యాక్టీరియా కోసం.

అన్నప్రాశన తర్వాత కొత్త ఆహారంతో కొత్త జాతులు వచ్చిపడతాయి. ఆ సమయంలో నిరోధక వ్యవస్థ ఒక్కసారి గట్టిగా స్పందించి, టి-రెగ్ కణాల్ని కూడగట్టుకుని సర్దుకుంటుందని 2019లో ఎలుకల్లో చూశారు. సరిగ్గా ఆ వారాల్లో యాంటీబయాటిక్ ఇచ్చిన ఎలుకలు పెద్దయ్యాక పేగువాపుకి, అలర్జీకి తేలిగ్గా లొంగాయి. పిల్లకి అవసరమైన మందు ఆపమని దీని అర్థం కాదు, జలుబుకి సిరప్ అడగొద్దని. ఆరు నెలలు నిండాక రాగిజావ వడకట్టినా, తొమ్మిది పది నెలలకి వడకట్టడం మానేయండి. వేరుశనగ కూడా మెత్తటి ముద్దగా, జావలో కలిపి, త్వరగానే అలవాటు చేయొచ్చు. ఇంగ్లండ్‌లో 640 మంది పసివాళ్లతో చేసి 2015లో వెలువరించిన పరీక్షలో, ముందే తినిపించినవాళ్లలో వేరుశనగ అలర్జీ చాలా తక్కువ. గట్టి ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డకైతే ముందు డాక్టర్‌ని అడగాలి. పలుకులు మాత్రం ఐదేళ్లలోపు ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి.

కంచెని కోసేవి

ప్యాకెట్ వెనక ఉండే ఐఎన్ఎస్ అంకెలు ఆహారంలో కలిపిన పదార్థాల గుర్తులు. ఐఎన్ఎస్ 466 అంటే చిక్కదనం కోసం వేసే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, ఐఎన్ఎస్ 433 అంటే నూనె, నీళ్లు కలిసిపోవడానికి వేసే పాలీసార్బేట్ 80. ఐస్‌క్రీముల్లో 466 తరచూ కనిపిస్తుంది. 2015లో ఈ రెండూ ఎలుకల జిగురు పొరని పలుచన చేసి బ్యాక్టీరియాని గోడకి చేరువ చేశాయి. 2022లో మనుషులకి రోజుకి 15 గ్రాముల 466 ఇచ్చిచూస్తే కొందరిలో అలాగే జరిగింది. 15 గ్రాములంటే మామూలుగా తినేదానికి చాలా ఎక్కువ కాబట్టి పెళ్లిలో తిన్న ఒక కప్పు ఐస్‌క్రీముకి కంగారు పడక్కర్లేదు. రోజూ ప్యాకెట్ల మీదే బతికే పిల్లల విషయం వేరు.

దీనికంటే పెద్ద దొంగ ఇంట్లో మందుల డబ్బాలో ఉంటాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు చిన్నపేగు గోడని కారేలా చేస్తాయి, పుండ్లూ పడతాయి. మోకాళ్ల నొప్పికి నెలల తరబడి సొంతంగా మింగకండి. పారాసిటమాల్‌తో సరిపోయే నొప్పికి దాంతోనే సరిపెట్టుకోండి.

రాజీ చెడిందని ఎలా తెలుస్తుంది

మలంలో రక్తం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, నాలుగు వారాలు దాటిన విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత. వీటిలో ఒక్కటున్నా జొన్నరొట్టెలతో వైద్యం చేసుకోకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. రక్తపరీక్ష, ఒంట్లో వాపుని చూపే సీఆర్‌పీ, మలంలో పేగువాపుని చూపే కాల్‌ప్రొటెక్టిన్, తర్వాత అవసరమైతే కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు చూడటం), దాంతో బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). మనదేశంలో పేగు క్షయ అచ్చం క్రోన్స్ జబ్బులాగే కనబడుతుంది. క్షయని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ మొదలుపెడితే క్షయ విజృంభిస్తుంది కాబట్టి బయాప్సీ విషయంలో బద్ధకించకండి.

'లీకీ గట్' (పేగు గోడ కారుతోందని చెప్పి అమ్మే) ప్యాకేజీలకీ, ఇంటికొచ్చి మలం తీసుకెళ్లి యాభై పేజీల రిపోర్టిచ్చే కిట్లకీ డబ్బు తగలేయొద్దు. ఏ ఆహారం పడదో చెబుతామంటూ రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీని చూసే పరీక్ష మరీ విడ్డూరం. ఆ యాంటీబాడీ ఉందంటే మీరు ఆ పదార్థం తింటున్నారనీ, ఒంటికి అలవాటైందనీ మాత్రమే. అంటే సహనానికి గుర్తు. ఆ కాగితం చూసి బియ్యం, పాలు, గోధుమ మానేసినవాళ్లు తమ ఒళ్లు రాజీపడ్డ వాటినే వెలివేస్తున్నారు.

కాల్‌ప్రొటెక్టిన్ గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగువాపు ఉండే అవకాశం తక్కువ. 50 నుంచి 200 మధ్య ఉంటే కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి. ఆపైన ఉంటే డాక్టర్ కొలనోస్కోపీ గురించి మాట్లాడతారు. నొప్పి మాత్రలూ, విరేచనాల ఇన్ఫెక్షన్లూ ఈ అంకెని పెంచేస్తాయి. అందుకని ఇన్ఫెక్షన్ తగ్గాక, డాక్టర్‌ని అడిగి రెండు వారాలు నొప్పి మాత్రలు ఆపి, అప్పుడు సీసా ఇవ్వండి.